స్విచ్ వేసిన క్షణంలో ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? గ్రిడ్ గురించి మూడు సందేహాలు

మాధవి_కె

అందరికీ నమస్కారం. ఈమధ్య కరెంటు గ్రిడ్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి తప్ప తీరట్లేదు. ఇంజనీరింగ్ నా సబ్జెక్టు కాదు, ఇంటర్ ఫిజిక్స్ మాత్రం కాస్త గుర్తుంది, ఆ లెవెల్లో చెబితే పట్టుకోగలను.

మొదటిది. కరెంటుని గ్రిడ్‌లో నిల్వ పెట్టలేం, ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారవ్వాలి అని ప్రతిచోటా రాస్తారు. సరే, నేను ఇప్పుడు రెండు కిలోవాట్ల హీటర్ స్విచ్ వేశాననుకోండి. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల పవర్ స్టేషన్‌లో ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసినా, బొగ్గు ఎక్కువ వేసి, ఆవిరి పెరిగి, అది టర్బైన్‌ని చేరేదాకా నా హీటర్ ఆగట్లేదు కదా, వేసిన క్షణమే వేడెక్కడం మొదలుపెడుతోంది. ఆ మధ్యలో వచ్చే కరెంటు ఎవరిది?

రెండోది. వోల్టేజ్ పెంచితే లైన్లలో నష్టం తగ్గుతుందంటారు. ఓమ్ సూత్రం ప్రకారం వోల్టేజ్ పెరిగితే కరెంటు కూడా పెరగాలి, కరెంటు పెరిగితే నష్టం పెరగాలి. నాకు ఇది తిరగేసి చెప్పినట్టు అనిపిస్తోంది.

మూడోది, అసలు నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది. ఒక లైను పోతే పక్కన ఇంకో లైనుంది, ఒక ప్లాంటు ఆగితే ఇంకో వంద ప్లాంట్లున్నాయి. అలాంటప్పుడు ఎక్కడో ఒక తీగ చెట్టుకి తగిలితే కోట్లమందికి కరెంటు పోవడమేంటి? అన్నిటినీ కలిపింది ఒకదానికొకటి ఆదుకోవడానికే కదా?

లింకులు వద్దు, దయచేసి మీ మాటల్లో చెప్పండి.


డిస్పాచ్_షిఫ్ట్

మాధవి గారూ, నేను మొదటి ప్రశ్న ఒక్కటే తీసుకుంటాను. అది అర్థమైతే గ్రిడ్ సగం అర్థమైనట్టే. లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో పనిచేస్తాను, డ్యూటీలో ఉన్నంతసేపూ నేను చూసేది మీరడిగిన ఈ విషయాన్నే.

మీరు స్విచ్ వేసినట్టు పవర్ స్టేషన్‌లో ఏ మనిషికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలిసేది జనరేటర్‌కి. పెద్ద థర్మల్ యూనిట్‌లో టర్బైనూ జనరేటరూ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి. వంద టన్నులు దాటిన ఉక్కు నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటుంది (50 హెర్ట్జ్ గ్రిడ్ అయితే, 60 హెర్ట్జ్ వాడే దేశాల్లో 3600). ఒకవైపు ఆవిరి దాన్ని ముందుకి తోస్తుంది, ఇంకోవైపు మనందరి లోడ్ (వాడకం) అయస్కాంత క్షేత్రం ద్వారా దాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఈ రెండూ సరిసమానంగా ఉన్నంతసేపూ వేగం మారదు. మీరు హీటర్ వేయగానే వెనక్కి లాగే బలం పిసరంత పెరుగుతుంది, ఆవిరి తోపు మాత్రం అప్పటికి పాతదే, కాబట్టి షాఫ్ట్ వేగం పిసరంత తగ్గుతుంది. సైకిల్ తొక్కుతుండగా చిన్న ఎత్తు తగిలితే, మీరు ఇంకా గట్టిగా తొక్కకముందే, ఉన్న ఊపే కాసేపు ఎక్కించేస్తుందే, అలాగ. ఆ తగ్గిన వేగంలోంచి బయటికొచ్చిన శక్తే మొదటి క్షణంలో మీ హీటర్‌ని వేడెక్కించేది. అదీ ఏదో ఒక్క జనరేటర్ నుంచి కాదు, గ్రిడ్‌కి కలిసి తిరుగుతున్న ప్రతి యంత్రం నుంచీ తలా కాస్త. రెండు కిలోవాట్లకి ఆ తగ్గుదల ఏ మీటరుకీ అందదనుకోండి. 1000 మెగావాట్ల యూనిట్ ట్రిప్ అయితే (ఉన్నట్టుండి గ్రిడ్ నుంచి విడిపోతే) మాత్రం గ్రిడ్ మొత్తం మీద కళ్లకి కనిపిస్తుంది.

ఎలా కనిపిస్తుందంటే ఫ్రీక్వెన్సీగా. జనరేటర్ల వేగమే ఫ్రీక్వెన్సీ. మా గదిలో గోడ మీద పెద్ద అంకెల్లో ఉండేది అదే, 49.98, 50.01, 49.97 అంటూ క్షణక్షణం మారుతూ. 50కి కింద ఉందంటే వాడకం ఎక్కువ, తయారీ తక్కువ. పైన ఉందంటే ఉల్టా. దేశమంతా ఎంత వాడుతోందో ఎవరూ ప్రతి ఇంటి మీటరూ చూసి కూడనక్కర్లేదు, కొరతో మిగులో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

అయితే ఈ ఊపులో ఉన్న శక్తి చాలా కొద్ది. ఫుల్ లోడ్ మీద ఉన్న యూనిట్‌కి ఆవిరి ఆపేసి, లోడ్ అలాగే ఉంచితే, షాఫ్ట్‌లో ఉన్నదంతా కొన్ని సెకన్లకే ఖర్చయిపోతుంది. ఆ సెకన్లలోపు గవర్నర్ రంగంలోకి దిగాలి. అది వేగం తగ్గడాన్ని పసిగట్టి ఆవిరి వాల్వుని ఇంకాస్త తెరుస్తుంది. ఇక్కడ మనిషి ప్రమేయం లేదు. ఫ్రీక్వెన్సీ ఎంత శాతం పడితే యూనిట్ సున్నా నుంచి పూర్తి సామర్థ్యానికి పెంచాలో దాన్ని డ్రూప్ అంటారు, మామూలుగా 4 నుంచి 5 శాతం పెడతారు. 5 శాతం డ్రూప్ ఉన్న 500 మెగావాట్ల యూనిట్, పైకి పెంచడానికి జాగా ఉంటే, ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడగానే 20 మెగావాట్లు పెంచుతుంది. బొగ్గు సంగతి అడిగారు కదా, ఆ 20 మెగావాట్లకి కావలసిన ఆవిరి మొదట బాయిలర్‌లో అప్పటికే ఒత్తిడితో ఉన్న ఆవిరిలోంచే వస్తుంది, మిల్లులు బొగ్గు పెంచి మంట అందుకునేది ఆ తర్వాత తీరిగ్గా.

గవర్నర్లు పడిపోవడాన్ని ఆపుతాయి గానీ తిరిగి 50కి తీసుకురావు. 49.9 దగ్గరో ఎక్కడో నిలబెడతాయి. అక్కణ్ణుంచి పైకి లాగడానికి కంప్యూటర్ కొన్ని సెకన్లకోసారి ఎంపిక చేసిన ప్లాంట్లకి పెంచమనీ తగ్గించమనీ సంకేతాలు పంపుతుంది. ఆ తర్వాత మా వంతు, ఫోన్ చేసి రిజర్వులో ఉన్న యూనిట్లని ఎక్కించడం, హైడ్రోని లేపడం.

ఇవన్నీ అనుకోకుండా జరిగేవాటికి. అనుకున్నవాటికి ముందురోజే అంచనా ఉంటుంది. 1990 జులై 4న ప్రపంచ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ పెనాల్టీలు అయిపోగానే బ్రిటన్‌లో టీవీల ముందున్న జనమంతా లేచి కెటిళ్లు పెట్టుకున్నారు, లోడ్ ఒక్కసారిగా 2800 మెగావాట్లు పెరిగింది. అలాంటి గండాలకి వాళ్ల దగ్గర డినోర్విగ్ అని కొండ లోపల కట్టిన పంప్‌డ్ స్టోరేజ్ ప్లాంటు (కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) ఉంది. నీళ్లు లేకుండా గాలిలో తిప్పుతూ సిద్ధంగా ఉంచితే 12 సెకన్లలో సున్నా నుంచి 1320 మెగావాట్లకి వెళ్తుంది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా ఐరోపా ఖండం గ్రిడ్‌లో సగటు ఫ్రీక్వెన్సీ 50కి బదులు 49.996 ఉండిపోయింది. కొసోవో, సెర్బియా ప్రాంతంలో తయారు చేయాల్సినంత తయారు చేయకపోవడం వల్ల పేరుకున్న లోటు 113 గిగావాట్ అవర్లు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టి నడిచే గడియారాలు (ఓవెన్ల మీద ఉండేవి, కరెంటుతో నడిచే అలారాలు) ఐరోపా అంతటా దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి. పోర్చుగల్‌లో గడియారం కూడా! ఇన్ని దేశాల్లో ఇన్ని జనరేటర్లూ ఒకే వేగంతో కలిసి తిరగడమంటే అదీ.


టవర్_డిజైన్

రెండో సందేహం ఇంజనీరింగ్ చదివినవాళ్లకీ వస్తుంది, మొహమాటపడకండి. ఓమ్ సూత్రంలో వోల్టేజ్ అంటే ఏ రెండు చోట్ల మధ్య వోల్టేజ్ అన్నది చూసుకోవాలి. లైన్ తీగకి ఆ సూత్రం వాడేటప్పుడు పెట్టాల్సింది తీగ ఈ చివరకీ ఆ చివరకీ ఉన్న తేడా, అంటే దారిలో పడిపోయిన వోల్టేజ్. లైన్‌కి పేరుగా చెప్పే 400 కేవీ (కిలోవోల్టులు) కాదు. తీగలో ఎంత కరెంటు పారాలన్నది అవతలివాళ్లకి ఎంత పవర్ కావాలన్నదాన్ని బట్టి తేలుతుంది. పవర్ అంటే వోల్టేజ్ ఇంటూ కరెంటు, కాబట్టి వోల్టేజ్ పెంచితే అదే పవర్‌కి తక్కువ కరెంటు సరిపోతుంది.

లెక్క చూడండి. మూడు ఫేజుల గొడవ పక్కన పెట్టి, 100 మెగావాట్లు పంపాలి, లైన్ నిరోధం మొత్తం 10 ఓములు అనుకుందాం. 100 కేవీ మీద పంపితే కరెంటు 1000 ఆంపియర్లు, నష్టం కరెంటు వర్గం ఇంటూ నిరోధం కాబట్టి 10 మెగావాట్లు, పదో వంతు దారిలోనే వేడిగా పోయింది. 400 కేవీ అయితే కరెంటు 250 ఆంపియర్లు, నష్టం ఒక మెగావాట్ కూడా లేదు, 0.625. ఇక 10 కేవీ మీద పంపుదామంటే 10,000 ఆంపియర్లు కావాలి, నష్టం లెక్కకి 1000 మెగావాట్లు వస్తుంది. పంపేదే 100! అంటే ఆ వోల్టేజ్ మీద ఆ లైన్‌లో అంత పవర్ పంపడం అసలు జరగని పని.

ఇది నిరూపించి చూపింది 1891లో. జర్మనీలో లౌఫెన్ దగ్గర నది మీది జలవిద్యుత్తుని 175 కిలోమీటర్ల దూరంలో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకి మూడు ఫేజుల ఏసీలో (దిశ మార్చుకుంటూ పారే కరెంటు, ఒకే దిశలో పారేది డీసీ), 15 వేల వోల్టుల మీద పంపారు. దాదాపు ముప్పావు వంతు చేరింది. ఏసీ నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం ట్రాన్స్‌ఫార్మర్. జనరేటర్ దగ్గర 11 నుంచి 25 కేవీ దాకా తయారవుతుంది, దాన్ని 400కో 765కో ఎక్కించి, ఊరి దగ్గర మళ్లీ మెట్లు మెట్లుగా దించాలంటే ఆ రోజుల్లో డీసీతో సాధ్యం కాదు.

మరి ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవచ్చు కదా అని అడుగుతారేమో. ఖర్చు ఇన్సులేషన్‌లో తేలుతుంది. ఈసారి హై టెన్షన్ టవర్ కనిపిస్తే తీగ వేలాడే చోట పింగాణీ లేదా గాజు బిళ్లల దండ చూడండి. 132 కేవీకి తొమ్మిదో పదో బిళ్లలు, 400 కేవీకి ఇరవై దాటతాయి. బిళ్ల అడుగున గాడులు గాడులుగా ఉండేది, వానలో తడిసినా, దుమ్ము పట్టినా కరెంటు ఉపరితలం మీదుగా పాకాల్సిన దారి పొడుగ్గా ఉండాలని. 400 కేవీ నుంచి పైకి ఒక్కో ఫేజుకి ఒకే తీగ ఉండదు, రెండో నాలుగో ఆరో తీగల్ని స్పేసర్లతో కలిపి కడతారు. ఒక్క సన్నని తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రం మరీ తీవ్రమై గాలి అయనీకరణం చెందుతుంది. వానాకాలం లైన్ కింద నిలబడితే వినిపించే బుస్సుమనే చప్పుడు అదే, కరోనా అంటారు, అదీ నష్టమే. బిళ్లల దండకి కాస్త పక్కన తీగకి వేలాడుతూ డంబెల్ ఆకారంలో ఒక చిన్న ఇనప సామాను ఉంటుంది. నిలకడైన గాలికి తీగ సన్నగా కంపించి, బిగింపు దగ్గర పోగులు అలసి తెగిపోకుండా ఆ కంపనాన్ని మింగేది అదే. ఎంత చిన్నదో అంత ముఖ్యమైనది, నాకు టవర్ మీద అన్నిటికంటే ఇష్టమైన వస్తువు.

తీగ రాగి అనుకుంటారు చాలామంది. కాదు, లోపల ఉక్కు పోగులు, చుట్టూ అల్యూమినియం. బరువు తక్కువ, ధర తక్కువ, ఉక్కు బలాన్నిస్తుంది. అల్యూమినియం వేడెక్కితే సాగుతుంది, తీగ కిందికి వాలుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ మూడో ప్రశ్నకి పనికొస్తుంది.

డీసీ ఇప్పుడు మళ్లీ వచ్చింది లెండి, పవర్ ఎలక్ట్రానిక్స్ పుణ్యమా అని. సముద్రం కింద కేబుళ్లకీ, మరీ దూరాలకీ అదే మేలు. 1954లో స్వీడన్ గోట్లాండ్ దీవికి వేసింది మొదటి వాణిజ్య లైన్. ఇప్పుడు చైనాలో 1100 కేవీ డీసీ లైన్ ఒకటి దాదాపు 3300 కిలోమీటర్లు నడుస్తోంది, 12,000 మెగావాట్లు మోయగలదు.


మాధవి_కె

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఓమ్ సూత్రం ముడి విడిపోయింది, 10 కేవీ లెక్క చూశాక ఇక మర్చిపోను.

ఇంకో చిన్న ప్రశ్న పుట్టింది. ఫలానా ప్లాంటు ఫలానా నగరానికి కరెంటు అమ్మింది అని వార్తల్లో వస్తుంది కదా. ఆ కరెంటుని ఫలానా లైన్‌లోంచే పంపాలని ఎవరు, ఎక్కడ మళ్లిస్తారు?


రిలే_టెస్టింగ్

ఎవరూ మళ్లించరండీ. ఏసీ గ్రిడ్‌లో మామూలుగా కుళాయిలాంటిది ఏదీ లేదు. రెండు చోట్ల మధ్య ఎన్ని దారులుంటే అన్నిట్లోంచీ పారుతుంది, ఏ దారిలో అవరోధం తక్కువైతే అందులో ఎక్కువ. అమ్మకం కాగితం మీద ఒక దారి, ఎలక్ట్రిసిటీది ఇంకో దారి. కావాలంటే ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కొంత నెట్టొచ్చు, డీసీ లైన్‌లో అయితే ఇన్ని మెగావాట్లని కచ్చితంగా చెప్పి పంపొచ్చు, అంతే.

మీ మూడో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఒక లైన్ తెగితే అందులో పోతున్న పవర్ ఎవరి అనుమతీ అడక్కుండా క్షణంలో పక్క దారుల్లోకి ఎక్కేస్తుంది. అవి మోయగలవా లేదా అన్నది దానికి పట్టదు. మోయలేకపోతే అవీ పోతాయి. అందుకే ఏ క్షణంలోనైనా ఏదో ఒక్క లైన్ గానీ యూనిట్ గానీ పోయినా మిగతావి మోయగలిగేలా గ్రిడ్‌ని నడపాలని నియమం, ఎన్ మైనస్ ఒన్ అంటారు. ఒకటి పోయిందా, ఇప్పుడు ఆ మిగిలిన గ్రిడ్ మళ్లీ ఎన్ మైనస్ ఒన్ స్థితికి వచ్చేలా అరగంటలోపు సర్దుకోవాలి. సర్దుకోవాలంటే ముందు ఒకటి పోయినట్టు తెలియాలి కదా.

2003 ఆగస్టు 14న అమెరికా ఒహాయోలో అది తెలియలేదు. మధ్యాహ్నం 2.14కి ఒక కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది, ఆగిపోయిన సంగతి కూడా ఆపరేటర్లకి తెలియలేదు. 3.05కి ఒక 345 కేవీ లైన్ వాలి చెట్టుకి తగిలి ట్రిప్ అయింది. అప్పుడు దాని మీదున్న లోడ్ ఎంతో తెలుసా, దాని సామర్థ్యంలో 44 శాతం! ఓవర్‌లోడ్ కానేకాదు, కింద చెట్లు కొట్టకపోవడమే కారణం. ఆ పవర్ పక్కదాని మీద పడింది, అది వేడెక్కి, పైన టవర్_డిజైన్ గారు చెప్పినట్టు సాగి, 3.32కి ఇంకో చెట్టుకి తగిలింది. 3.41కి మూడోది. ఒక్కోటి పోయినకొద్దీ మిగిలినవాటి మీద బరువు. ఆ గంటలో కొంత లోడ్‌ని కావాలని తీసేసి ఉంటే చాలావరకు ఆగిపోయేది. ఒక ప్రాంతంలో చీకటి, అంతటితో సరి.

4 గంటల 5 నిమిషాల 57 సెకన్లకి ఇంకో 345 కేవీ లైన్ పోయింది. దీనికి చెట్టు తగల్లేదు. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డిస్టెన్స్ రిలే అనేది లైన్‌కి కాపలా. అది చూసేది రెండే రెండు, ఇక్కడి వోల్టేజ్, ఇక్కడి కరెంటు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తుంది. లైన్‌లో ఎక్కడో షార్ట్ అయితే వోల్టేజ్ పడిపోతుంది, కరెంటు విపరీతంగా పెరుగుతుంది, భాగఫలం చిన్నదవుతుంది, ఎంత చిన్నదన్నదాన్ని బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో కూడా తెలుస్తుంది. వెంటనే బ్రేకర్‌కి ఆర్డర్, అది రెండు మూడు సైకిళ్లలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో తెరుచుకుంటుంది. పక్క లైన్ల అవతలి ఫాల్టులకి బ్యాకప్‌గా దానికి మూడో జోన్ అని దూరపు చూపు కూడా ఉంటుంది, కాస్త ఆగి పనిచేస్తుంది. ఆ రోజు ఫాల్ట్ లేదు, కానీ లోడ్ అంత ఎక్కువ, వోల్టేజ్ అంత తక్కువ. భాగఫలం మూడో జోన్‌లోకి జారింది, రిలే తనకి నేర్పినట్టే చేసింది. అక్కణ్ణుంచి ఏడు నిమిషాల చిల్లరలో 265 ప్లాంట్లలో 508 యూనిట్లు ఆగిపోయాయి, దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. రిలేలు తప్పు చేసినందుకు కాదు, ప్రతిదీ తన పరికరాన్ని తాను కాపాడుకున్నందుకు.

జనరేటర్లు ఎందుకు తప్పుకుంటాయంటే, పెద్ద ఆవిరి టర్బైన్ చివరి దశ బ్లేడ్లు చాలా పొడుగు, వేగం మారితే వాటి సహజ కంపనానికి దగ్గరై విరిగిపోయే ప్రమాదముంది. కాబట్టి ఫ్రీక్వెన్సీ మరీ పడితే యూనిట్ తనను తాను ట్రిప్ చేసుకుంటుంది. కొరత ఉన్నప్పుడే ఇంకో యూనిట్ పోతుంది, కొరత ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసు తెంపడానికే ఫ్రీక్వెన్సీ రిలేలు ఒక హద్దు దాటగానే కొన్ని ఫీడర్లని (ఊళ్లకీ పేటలకీ కరెంటు తీసుకెళ్లే లైన్లని) వాటంతటవే కోసేస్తాయి. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్‌లో ఫ్రీక్వెన్సీ 59.4 హెర్ట్జ్ కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు ఉంటే జనరేటర్లు ట్రిప్ అయ్యే సెట్టింగ్. ఆపరేటర్లు వేల మెగావాట్ల లోడ్ కోయించి పైకి లాగారు. ఆ చలిలో కోత ఎంత నరకమో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు, కానీ గ్రిడ్ మొత్తం పడిపోయి ఉంటే అది వారాల మాట అయ్యేది.


కెపాసిటర్_బ్యాంక్

అందరూ ఫ్రీక్వెన్సీ గురించే చెప్పారు, వోల్టేజ్‌ని వదిలేస్తే సగం కథే. ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతా ఒకటే, వోల్టేజ్ ఎక్కడికక్కడ వేరు. దాన్ని నిలబెట్టేది రియాక్టివ్ పవర్ (పనిగా ఖర్చవకుండా గ్రిడ్‌లో ముందుకీ వెనక్కీ ఊగే పవర్), అది దూరం ప్రయాణించదు, ఎక్కడ కావాలో అక్కడే సమకూర్చాలి.

పొడుగాటి లైన్‌కి రెండు స్వభావాలు. మధ్యాహ్నం లోడ్ బరువుగా ఉన్నప్పుడు రియాక్టివ్ పవర్‌ని మింగుతుంది, వోల్టేజ్ కుంగుతుంది, దాన్ని సమకూర్చే కెపాసిటర్లు వేయాలి. అర్ధరాత్రి లోడ్ తేలికైతే అదే లైన్ కెపాసిటర్‌లా ప్రవర్తించి వోల్టేజ్‌ని పైకి తోస్తుంది, అవతలి చివర పంపినదానికంటే ఎక్కువ వోల్టేజ్ కనిపిస్తుంది. అప్పుడు రియాక్టర్లు (అణు రియాక్టర్లు కావు, రియాక్టివ్ పవర్‌ని మింగే పెద్ద తీగచుట్టలు) వేయాలి. అప్పటికీ ఆగకపోతే మంచి లైన్‌నే కావాలని ఆఫ్ చేస్తారు, కొత్తగా చేరినవాళ్లు ఇది చూసి ఆశ్చర్యపోతారు.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12.33కి స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైంది గుర్తుందా? మొదలైంది తయారీ కొరతతో కాదు. వోల్టేజ్ పైకి పోవడంతో. పెరిగిన వోల్టేజ్‌కి ఒక ప్లాంటు ట్రిప్ అయింది, అది పోవడంతో వోల్టేజ్ ఇంకా పెరిగింది, ఇంకోటి పోయింది. రిలే_టెస్టింగ్ గారు చెప్పిన గొలుసే, ఇంకో గుమ్మంలోంచి.


సతీష్_హెచ్

ఇదంతా చదివాక అనిపిస్తోంది, బ్యాటరీలు పెట్టేస్తే గొడవే ఉండదు కదా? సోలార్ ఎలాగూ తిరగదు, ఇంక ఈ ఊపు, ఫ్రీక్వెన్సీ ఇవన్నీ పాత కాలపు సమస్యలు.


డిస్పాచ్_షిఫ్ట్

సతీష్ గారూ, సగం ఒప్పుకుంటాను. వేగంలో బ్యాటరీకి సాటి లేదు. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో 100 మెగావాట్లది పెట్టారు, ఎక్కడో దూరాన ఒక బొగ్గు యూనిట్ ట్రిప్ అయితే సెకను తిరక్కుండా అందుకుంది. గవర్నర్ వాల్వు తెరవడానికి పట్టే టైమ్‌తో పోలిస్తే అది చాలా గొప్ప సంగతి.

కానీ ఇప్పుడున్న సోలార్ ఇన్వర్టర్లలో (డీసీని ఏసీగా మార్చే పరికరాల్లో) ఎక్కువ భాగం గ్రిడ్ తరంగాన్ని చూసి దాన్ని అనుసరించేవి. అనుసరించడానికి ముందు ఒకటి ఉండాలి కదా. ఆ తరంగాన్ని తనే పుట్టించి నిలబెట్టే ఇన్వర్టర్లు వస్తున్నాయి, నాకు వాటి మీద చాలా ఆశ ఉంది. అయితే షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పెద్ద జనరేటర్ తన మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు క్షణంపాటు ఇవ్వగలదు, ఇన్వర్టర్ తన రేటింగ్‌ని పెద్దగా దాటలేదు. ఆ కరెంటు చూసే కదా రిలేలు ఫాల్ట్‌ని గుర్తుపట్టేది. అందుకే టర్బైన్ లేకుండా ఊరికే తిరిగే యంత్రాల్ని, సింక్రనస్ కండెన్సర్లని, చాలా దేశాలు మళ్లీ కొని పెట్టుకుంటున్నాయి. తిరిగే ఇనుము అవసరం తగ్గుతుంది, తొందరగా పోదు.


మాధవి_కె

ఆఖరుగా ఒక్కటి. అంతా పడిపోయాక మళ్లీ ఎలా లేపుతారు? ప్లాంట్లన్నీ మంచిగానే ఉన్నాయి కదా, స్విచ్ వేసేయొచ్చు కదా. 2003లో కొన్ని చోట్ల నాలుగు రోజులు పట్టిందని ఇప్పుడే చదివాను.


హైడ్రో_కంట్రోల్‌రూమ్

ఇది మా పని కాబట్టి నేను చెబుతాను. థర్మల్ ప్లాంటు లేవాలంటే దానికే కరెంటు కావాలి. నీటి పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు అన్నీ మోటార్లే, పెద్ద ప్లాంటుకి పదుల మెగావాట్లు. గ్రిడ్ లేకపోతే అది తనంతట లేవలేదు. మాకు అంత అవసరం లేదు. గేటు తెరవడానికీ ఫీల్డ్‌కీ (జనరేటర్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టించడానికి) బ్యాటరీలు, చిన్న డీజిల్ సెట్టు చాలు, నీళ్లు పైన ఉండనే ఉన్నాయి. కాబట్టి మొదట లేచేది హైడ్రో, కొన్నిచోట్ల గ్యాస్ టర్బైన్లు.

మా యూనిట్ లేచాక ఖాళీ లైన్ ఒకటి చార్జ్ చేసి దగ్గర్లోని థర్మల్‌కి సప్లై పంపుతాం. ఇక్కడే మొదటి చిక్కు, కెపాసిటర్_బ్యాంక్ గారు చెప్పినట్టు లోడ్ లేని లైన్‌లో వోల్టేజ్ ఎగబాకుతుంది, ఒక చిన్న యూనిట్ దాన్ని అదుపు చేయాలి. కాబట్టి దారిలో కొద్దికొద్దిగా లోడ్ తగిలిస్తూ పోవాలి. ఎక్కువ తగిలిస్తే ఫ్రీక్వెన్సీ ఢామ్మని పడి మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. పైగా గంటల తరబడి కరెంటు లేని ఫీడర్ వేయగానే ఫ్రిజ్‌లు, ఏసీలు, పంపులు అన్నీ ఒకేసారి మొదలవుతాయి, మామూలు లోడ్‌కి చాలా ఎక్కువ లాగుతుంది. ఆ లెక్క వేసుకుని చిన్న చిన్న ముక్కలుగానే ఇవ్వాలి. ఆసుపత్రులు, నీటి సరఫరా ముందు.

ఇలా ఒక్కో మూల ఒక్కో చిన్న ద్వీపం తయారవుతుంది. వాటిని కలపడం ఇంకో ఘట్టం. రెండు వైపులా వోల్టేజ్ సరిపోవాలి, ఫ్రీక్వెన్సీ సరిపోవాలి, తరంగాలు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. ప్యానెల్ మీద సింక్రోస్కోప్ అని గడియారంలాంటి మీటరు ఉంటుంది, రెండు ఫ్రీక్వెన్సీల తేడాని బట్టి ముల్లు తిరుగుతుంది. తేడా ఎక్కువుంటే గిరగిరా తిరుగుతుంది. గవర్నర్‌ని కాస్త కాస్త సర్దుతూ ముల్లు మెల్లగా తిరిగేలా చేసి, సరిగ్గా పన్నెండు దగ్గరికి వస్తుండగా బ్రేకర్ వేయాలి, బ్రేకర్ మూసుకోవడానికి పట్టే టైమ్‌ని కూడా లెక్కలోకి తీసుకుని. ఇప్పుడు ఆటోమేటిక్ రిలేలు చూసుకుంటాయి, తేడాగా ఉంటే చేత్తో వేసినా ఒప్పుకోవు. తప్పు కోణంలో కలిస్తే షాఫ్ట్ మీద పడే దెబ్బకి కప్లింగ్ బోల్టులు తెగొచ్చు, వైండింగులు కదిలిపోవచ్చు.

ఇక నాలుగు రోజులు ఎందుకంటే, అప్పటికి థర్మల్ బాయిలర్లు చల్లారిపోయి ఉంటాయి, వాటిని తొందరపెట్టి వేడిచేస్తే లోహం పగుళ్లిస్తుంది, గంటల తరబడి నిదానంగా ఎక్కించాల్సిందే. అణు రియాక్టర్లయితే ఆగిన వెంటనే లోపల జెనాన్ (న్యూట్రాన్లని మింగి చర్యని అడ్డుకునే వాయువు) పేరుకుంటుంది, కొన్ని రకాల్లో అది తగ్గేదాకా ఒక రోజున్నరో రెండు రోజులో మళ్లీ మొదలుపెట్టడానికి వీలుండదు. 2003లో కెనడా ఒంటారియోలో కరెంటు వచ్చాక కూడా వారం పైగా వంతుల వారీ కోతలు నడిచింది అందుకే, లైన్లు సిద్ధంగా ఉన్నా వాటిలో పంపడానికి యూనిట్లు ఇంకా లేవలేదు.